ఉడికిన గుడ్డు – ఊడిరాని పెంకు

"ఇండియాలో ఉన్నన్నాళ్ళూ ఏనాడూ ఈ బాధ లేదండీ. ఇక్కడికొచ్చాక గుడ్డు ఉడకబెడితే చాలు, పెంకుతో పాటు సగం తెల్లసొన కూడా ఊడి చేతికొస్తోంది. ఎందుకంటారు?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. కారణం ఏమిటంటే, మా సంఘం ప్రతి వేసవిలో జరిపే పిక్నిక్‌లో కోడిగుడ్డు వేపుడు బాధ్యత కొన్నేళ్ళుగా నాది. కార్తీక వనభోజనాలకీ, ఉగాదికీ గుడ్డు జోలికి ఎవరూ వెళ్ళరు కానీ, వేసవి పిక్నిక్‌లో మాత్రం పులిహోర తర్వాత ముందుగా ఖాళీ అయ్యేది ఆ వేపుడే. దానికి పది డజన్ల గుడ్లు, అంటే 120 పెంకులు తియ్యాలి. ఒక్కో గుడ్డుకి రెండేసి నిమిషాలు గిల్లుకుంటూ కూర్చుంటే నాలుగు గంటలు పడుతుంది! అందుకని ఈ విషయం మీద కాస్త ఎక్కువగానే చదివాను, కాస్త ఎక్కువగానే ఉడకబెట్టాను. ఆ తెలిసిందంతా ఒకచోట ఉంటే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాటలో

తీరిక లేనివారి కోసం సారాంశం ముందే చెప్పేస్తాను. గుడ్లని చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టకండి. మరుగుతున్న నీళ్ళలోకి గానీ, బాగా వస్తున్న ఆవిరిలోకి గానీ నేరుగా పెట్టండి. ఆవిరి అయితే మరీ మంచిది. ఆవిరికి కావలసిన సామాను మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. అదే ఇడ్లీ పాత్ర.

ఉప్పు, వెనిగర్, వంటసోడా, సూదితో పొడవటం వంటివి ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. ఎందుకో తెలుసుకోవాలంటే కింద చదవండి.

అక్కడ లేని ఇబ్బంది ఇక్కడెందుకు?

కోడి అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. గుడ్డు పెంకు చూడటానికి గట్టి గోడలా ఉంటుంది కానీ, దానికి కంటికి కనపడని సన్నటి రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ ఆ వాయువు ఈ రంధ్రాల గుండా బయటికి పోతుంది. అది పోయేకొద్దీ తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది. స్కూల్లో చదువుకున్న పి.హెచ్. లెక్కలో చెప్పాలంటే, తాజా గుడ్డులో సుమారు 7.6 దగ్గర ఉండే విలువ నిలవ ఉన్న గుడ్డులో 9 దాటి పోతుంది.

పెంకుకి లోపలి వైపున పల్చటి పొర ఉంటుంది కదా? పి.హెచ్. తక్కువగా ఉన్నప్పుడు తెల్లసొన ఉడుకుతూ ఆ పొరకి గట్టిగా అతుక్కుంటుంది. పి.హెచ్. పెరిగితే ఆ పట్టు సడలుతుంది. గుడ్డు ఎంత తాజాదైతే పెంకు అంత మొండిగా ఉండటానికి కారణం ఇదే. పిల్లల సరదా కోసం పెరట్లో కోళ్ళు పెంచుకుంటున్న మిత్రులకీ, ఫార్మర్స్ మార్కెట్‌లో నిన్న పెట్టిన గుడ్లు ఎంచి కొనేవారికీ ఈ సంగతి బాగా అనుభవమై ఉంటుంది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి చూడండి. అక్కడ గుడ్లు చాలావరకు కడగకుండా, ఫ్రిజ్‌లో పెట్టకుండా, అట్ట ట్రేలలోనే కోళ్ళఫారం నుంచి కొట్టుకి వస్తాయి. బయట ఎండ ముప్ఫై అయిదు, నలభై డిగ్రీలు. ఆ వేడికి కార్బన్ డయాక్సైడ్ త్వరగా పోతుంది. కొట్టులో రెండు మూడు రోజులున్నా చాలు, గుడ్డు ఒలవటానికి సిద్ధంగా ఉంటుంది. అందుకే మన అమ్మలు చన్నీళ్ళలో వేసి ఉడకబెట్టినా పెంకు చక్కగా వచ్చేది. పద్ధతి గొప్పతనం కంటే గుడ్డు వయసూ, ఊరి వేడీ చేసిన సాయం అందులో ఎక్కువ.

అమెరికాలో కథ వేరు. ఇక్కడ వ్యవసాయ శాఖ గ్రేడు ముద్ర వేసే గుడ్లని తప్పనిసరిగా కడుగుతారు. ఆ తర్వాత 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 7 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకంటే తక్కువ చల్లదనంలో ఉంచుతారు. కొన్ని కంపెనీలు కడిగిన పెంకు మీద పల్చగా నూనె పూత కూడా వేస్తాయి. చల్లదనం, పూత రెండూ గుడ్డుని తాజాగా ఉంచటానికి మంచివే. కానీ ఆ రెండూ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవటాన్ని కూడా నెమ్మదింపజేస్తాయి. అందుచేత ఇక్కడ వారం నాటి గుడ్డు కూడా మన ఊళ్ళో నిన్నటి గుడ్డులా ప్రవర్తించవచ్చు. అమ్మ పద్ధతి మారలేదు, గుడ్డు మారింది.

బ్రిటన్‌లోనూ, యూరప్‌లోనూ ఉన్న మిత్రులకి ఒక మాట. అక్కడ మామూలుగా గుడ్లు కడగరు, సూపర్ మార్కెట్‌లో గుడ్లు ఫ్రిజ్‌లో కాకుండా మామూలు అరల్లోనే కనిపిస్తాయి. అయినా వేడితో మొదలుపెట్టే పద్ధతి మీకూ అంతే బాగా పనిచేస్తుంది.

డబ్బా మీద మూడంకెల రహస్యం

గుడ్డు వయసు తెలుసుకోవటం కష్టమేమీ కాదు. వ్యవసాయ శాఖ గ్రేడు ముద్ర ఉన్న డబ్బా అంచు మీద మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అది గుడ్లని డబ్బాలో పెట్టిన రోజు. జనవరి 1 అయితే 001, డిసెంబరు 31 అయితే 365. లీపు సంవత్సరం కాకపోతే జూన్ 24వ తేదీకి 175 అని ఉంటుంది. జులై 4న పిక్నిక్ ఉంటే ఆ డబ్బా గుడ్లకి అప్పటికి పది రోజులు నిండినట్టు. మనకి సరిపోతుంది.

"సెల్ బై" తేదీని మాత్రమే చూస్తే లెక్క తప్పవచ్చు. ఆ తేదీ డబ్బాలో పెట్టిన రోజు నుంచి 30 రోజుల దాకా ఉండవచ్చు, "యూజ్ బై" అయితే 45 రోజుల దాకా. కాబట్టి మూడంకెల సంఖ్యనే నమ్ముకోండి. వేపుడుకి గుడ్లు కొనేటప్పుడు నేను ఎప్పుడూ వారం పది రోజుల ముందే కొని ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఆమ్లెట్‌కీ, బుల్స్ ఐకీ తాజా గుడ్లు, ఉడకబెట్టటానికి పాత గుడ్లు అని ఇంట్లో రెండు డబ్బాలు వేరువేరుగా ఉంటాయి.

డబ్బా పారేసి ఉంటే నీళ్ళ పరీక్ష చెయ్యవచ్చు. తాజా గుడ్డు గిన్నె అడుగున అడ్డంగా పడుకుంటుంది. పాతదయ్యేకొద్దీ లోపలి తేమ పోయి, వెడల్పు కొసలో ఉండే గాలి అర పెరిగి, గుడ్డు నిలబడుతుంది. నిలబడ్డ గుడ్డు ఒలవటానికి మంచిది. పూర్తిగా తేలిపోయిన గుడ్డుని మాత్రం విడిగా పగలగొట్టి వాసన చూడండి. అనుమానంగా ఉంటే పారెయ్యండి.

వేడితో మొదలుపెట్టటమే అసలు కిటుకు

వారం ముందు కొనే వీలు అందరికీ ఉండదు. రేపు పిల్లాడి పుట్టినరోజు, ఇవాళే గుడ్లు తెచ్చారు. అప్పుడేం చెయ్యాలి? అక్కడే వేడి మొదలు సాయపడుతుంది.

గుడ్డుని చన్నీళ్ళలో పెట్టి మెల్లగా కాగబెడితే తెల్లసొన కూడా మెల్లగా గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు దానికి లోపలి పొరతో అతుక్కోవటానికి కావలసినంత సమయం దొరుకుతుంది. అదే ఒక్కసారిగా గట్టి వేడి తగిలితే తెల్లసొన బయటి వరస గబుక్కున గట్టిపడి, ముడుచుకుని, పొర నుంచి విడిగా నిలుస్తుంది. పెంకు లాగితే పొరతో సహా వచ్చేస్తుంది.

ఇది నా ఒక్కదాని మాట కాదు. వంటల వెనుక ఉన్న సైన్సు గురించి రాసే జె. కెంజీ లోపెజ్-ఆల్ట్ దీని మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. 2019లో న్యూయార్క్ టైమ్స్ కోసం చాలామంది వాలంటీర్లని కూర్చోబెట్టి, 700కి పైగా గుడ్లు ఒలిపించి మరీ చూశారు. వేడితో మొదలుపెట్టటమే అన్నిటికంటే ముఖ్యమైన అంశమని ఆయన తేల్చారు. ఆవిరికే ఆయన ఓటు కూడా.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. ఒకే డబ్బాలోని డజను గుడ్లలో ఆరు చన్నీళ్ళతో, ఆరు ఆవిరితో ఉడికించండి. రెండిటినీ ఒకేలా చల్లార్చి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళకి ఒలవమని ఇవ్వండి. ఫలితం వాళ్ళే చెప్తారు.

ఇడ్లీ పాత్రలో గుడ్లు – పద్ధతి

ఇడ్లీ రేకు గుంటలో గుడ్డు కుదురుగా కూర్చుంటుంది. మరిగే నీళ్ళలోలా ఒకదానికొకటి కొట్టుకోదు కాబట్టి పగుళ్ళు తక్కువ. నీళ్ళు కొంచెమే కాబట్టి త్వరగా మరుగుతాయి, గ్యాసూ ఆదా. పైగా గుడ్లు పెట్టగానే నీళ్ళు చల్లబడిపోయి మళ్ళీ మరిగేదాకా ఎదురుచూడటం ఉండదు.

1. పాత్ర అడుగున సుమారు అంగుళం ఎత్తు నీళ్ళు పొయ్యండి. కింది రేకు నీళ్ళకి తగలకూడదు.

2. మూత పెట్టి పెద్ద మంట మీద నీళ్ళు తెర్లనివ్వండి. మూత సందుల్లోంచి ఆవిరి ధారగా రావాలి. ఇడ్లీకి మనం ఎలా చూస్తామో అలాగే.

3. ఈలోగా ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లని నేరుగా రేకుల గుంటల్లో అడ్డంగా పెట్టుకోండి. రేకుల మధ్య ఎడం చాలకపోతే ఒక రేకు విడిచి ఒకటి వాడండి. గుడ్డు మీద పై రేకు ఆనకూడదు.

4. మూత తీసేటప్పుడు ముఖం పక్కకి పెట్టుకోండి, ఆవిరి కొడుతుంది. స్టాండుని దించి వెంటనే మూత పెట్టెయ్యండి. అప్పటినుంచి టైమర్.

5. మంట తగ్గించకండి. మధ్యలో మూత తియ్యకండి.

6. సమయం కాగానే గుడ్లని ఐసు నీళ్ళలో వెయ్యండి. కనీసం పావుగంట ఉంచండి.

ఇడ్లీ స్టాండుని ప్రెషర్ కుక్కర్‌లో పెట్టేవారు వెయిట్ పెట్టకుండానే చెయ్యాలి, ఇడ్లీకి చేసినట్టే.

ఎంతసేపు?

ఇక్కడి "లార్జ్" గుడ్డు, ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు ఆవిరి మీద పెడితే నా లెక్కలివి:

• 9 నుంచి 10 నిమిషాలు – తెల్లసొన గట్టిగా, పచ్చసొన మధ్యలో మెత్తగా
• 12 నిమిషాలు – పచ్చసొన కూడా పూర్తిగా గట్టిగా. కూరకీ, వేపుడుకీ, బిర్యానీకీ ఇదే
• 13 నుంచి 14 నిమిషాలు – "ఎక్స్‌ట్రా లార్జ్", "జంబో" గుడ్లకి

సైజు పేర్లు గుడ్డుని చూసి పెట్టినవి కావు, డజను బరువుని బట్టి పెట్టినవి. డజను కనీసం 24 ఔన్సులు తూగితే లార్జ్, 27 అయితే ఎక్స్‌ట్రా లార్జ్, 30 అయితే జంబో. బ్రిటన్‌లో లార్జ్ అంటే ఒక్కో గుడ్డు 63 నుంచి 73 గ్రాములు, అంటే ఇక్కడి లార్జ్ కంటే పెద్దది. కాబట్టి అక్కడివారు ఒక నిమిషం కలుపుకోండి.

డెన్వర్ ప్రాంతంలో ఉన్నవారికి మరో లెక్క ఉంది. సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్‌కి కాకుండా 95 దగ్గరే మరుగుతాయి. పప్పు ఉడకటానికి ఎక్కువసేపు పట్టినట్టే గుడ్డుకీ పడుతుంది. ఒకటి రెండు నిమిషాలు కలిపి చూడండి.

ఎక్కడున్నా, పెద్ద మొత్తంలో చేసేముందు ఒక్క గుడ్డు ఉడికించి, కోసి చూసుకోవటం ఉత్తమం. పొయ్యిలు, పాత్రలు అందరివీ ఒకలా ఉండవు. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపిస్తే ఎక్కువసేపు ఉడికిందని గుర్తు. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది. తింటే హాని లేదు కానీ, చూడటానికి బాగుండదు, వాసన కూడా కొంచెం తేడాగా ఉంటుంది. ఐసు నీళ్ళు ముఖ్యంగా దీనికోసమే. గుడ్డు లోపల మిగిలిన వేడితో ఇంకా ఉడికిపోకుండా అవి ఆపుతాయి.

ఇడ్లీ పాత్ర లేకపోతే

కొత్తగా వచ్చిన విద్యార్థుల దగ్గరా, అపార్ట్‌మెంట్ పంచుకునే బ్రహ్మచారుల దగ్గరా ఇడ్లీ పాత్ర ఉండకపోవచ్చు. మూత ఉన్న గిన్నె చాలు. గుడ్లు మునిగేటన్ని నీళ్ళు బాగా మరిగించి, చిల్లుల గరిటెతో గుడ్లని ఒక్కొక్కటిగా అడుగుకి దించండి. పైనుంచి జారవిడిస్తే పగులుతాయి. అర నిమిషం గట్టిగా మరగనిచ్చి, తర్వాత మంట తగ్గించి, నీళ్ళు సన్నగా కదులుతుండగా 11 నిమిషాలు ఉంచండి. నీళ్ళు తక్కువ, గుడ్లు ఎక్కువ అయితే నీళ్ళు చల్లబడి మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి చిన్న గిన్నెలో నాలుగైదుకి మించి వెయ్యకండి.

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ ఉన్నవారి మధ్య "అయిదు–అయిదు–అయిదు" అనే లెక్క బాగా ప్రచారంలో ఉంది. అడుగున కప్పు నీళ్ళు పోసి, స్టాండు మీద గుడ్లు పెట్టి, హై ప్రెషర్‌లో 5 నిమిషాలు, ఆవిరి దానంతటదే తగ్గటానికి 5 నిమిషాలు, ఐసు నీళ్ళలో 5 నిమిషాలు. పెంకు బాగానే వస్తుంది. కాకపోతే మధ్యలో చూసుకునే వీలుండదు కాబట్టి ఒక్కో మోడల్‌కి ఒకసారి సరిచూసుకోవాలి.

మైక్రోవేవ్‌లో మాత్రం పెంకుతో ఉన్న గుడ్డుని ఎప్పుడూ పెట్టకండి. లోపల ఆవిరి పేరుకుని పేలుతుంది. ఒలిచిన ఉడికిన గుడ్డుని కూడా ముక్కలు చెయ్యకుండా మైక్రోవేవ్‌లో వేడి చెయ్యకండి. బయటికి తీసి కొరికినప్పుడు పేలే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇళ్ళల్లో ఇది మరీ గట్టిగా చెప్పుకోవలసిన మాట.

పెంకు తియ్యటం

గుడ్డు వెడల్పు కొసలో గాలి అర ఉంటుందని చెప్పుకున్నాం కదా? అక్కడ పెంకుకీ తెల్లసొనకీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి మొదలుపెట్టవలసింది అక్కడే. ముందు ఆ కొసని గట్టు మీద కొట్టి, తర్వాత సన్న కొసని కొట్టి, అరచేతి కింద పెట్టి మెల్లగా దొర్లించండి. పెంకు అంతా బీటలు వారుతుంది. వెడల్పు కొస దగ్గర బొటనవేలు పెంకు కిందికే కాదు, పొర కిందికి కూడా వెళ్ళాలి. పొర పట్టుకుంటే పెంకు దానికి అంటుకుని పట్టీలా వచ్చేస్తుంది. ఇదంతా నీళ్ళ గిన్నెలో ముంచి గానీ, సన్నటి కుళాయి ధార కింద గానీ చేస్తే పొర కిందికి నీరు చేరి ఇంకా సుళువవుతుంది, చిన్న పెంకు ముక్కలు కూడా కడుక్కుపోతాయి.

మా అత్తగారికి వేళ్ళ కీళ్ళ నొప్పులు. మా దగ్గరికి వచ్చినప్పుడల్లా వంటింట్లో సాయం చెయ్యాలని ఆవిడకి ఉంటుంది. గుడ్లు ఒలవటం ఆవిడకి అయ్యే పని కాదని నేను ఎప్పుడూ పక్కన పెట్టేదాన్ని. ఇడ్లీ పాత్ర పద్ధతి మొదలుపెట్టాక, నీళ్ళ గిన్నె ముందు పెట్టుకుని డజను గుడ్లు టీవీ చూస్తూ ఒలిచేస్తున్నారు. "మీ అమెరికా గుడ్డుకి ఇప్పటికి బుద్ధొచ్చిందే" అంటారు. వేళ్ళలో బలం లేనివారికీ, చిన్నపిల్లలకీ పెంకు సుళువుగా రావటం అంటే పని తగ్గటం ఒక్కటే కాదు. తమ చేత్తో తాము చేసుకోగలగటం.

ఉప్పు, వెనిగర్, వంటసోడా, సూది

ఉప్పు: గుడ్డు పగిలితే బయటికి వచ్చే తెల్లసొన త్వరగా గడ్డకట్టటానికి సాయపడుతుంది. పెంకు ఊడటానికి పెద్దగా పనికిరాదు.

వెనిగర్: పెంకులోని కాల్షియం కార్బొనేట్‌ని కొంచెం కరిగిస్తుంది. కానీ మనకి కావలసింది లోపల క్షారగుణం, ఇది ఆమ్లం. ఆ పావుగంటలో లోపలి పొర దాకా చేసేదేమీ లేదు.

వంటసోడా: ఆలోచన సరైనదే, నీళ్ళ క్షారగుణం పెంచుతుంది. కానీ ఉడికే కాస్త సమయంలో పెంకు దాటి లోపలికి వెళ్ళేది తక్కువ. వేడితో మొదలుపెడితే దీని అవసరం ఉండదు.

సూదితో పొడవటం: వెడల్పు కొసలో పొడిస్తే గాలి బయటికిపోయి సొట్ట తగ్గుతుందంటారు. అయితే శుభ్రంగా లేని సూదితో సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళవచ్చని ఇక్కడి వ్యవసాయ శాఖ దీన్ని వద్దంటుంది. కూరలో వేసే గుడ్డుకి సొట్ట ఉంటే ఏం? వదిలెయ్యండి.

పది డజన్లు ఉడికించాలంటే

సంఘం వంటలకి నేను పాటించే లెక్క ఇది. తినే ప్రతి ఒక్కరికీ ఒక గుడ్డు, ఆపైన పదికి ఒకటి అదనం. అయిదు డజన్ల పెట్టెలు రెండు వారం ముందే కొంటాను. ముందురోజు సాయంత్రం రెండు ఇడ్లీ పాత్రలు, రెండు పొయ్యిలు. విడతకి రెండిటిలోనూ కలిపి ఇరవై నాలుగు గుడ్లు పడితే అయిదు విడతలవుతాయి. ప్రతి విడత తర్వాత పాత్రలో మరిగే నీళ్ళు మళ్ళీ పొయ్యాలి, చన్నీళ్ళు పోస్తే ఆవిరి ఆగిపోతుంది. పిక్నిక్‌కి వాడే ఐసు పెట్టెనే చల్లార్చటానికి వాడతాను, బాగా కడిగి. వేడి గుడ్డు చల్లారుతూ రంధ్రాల్లోంచి కొంచెం నీటిని లోపలికి పీలుస్తుంది కాబట్టి ఆ నీళ్ళు శుభ్రంగా ఉండాలి.

గుడ్డు ధర తేలిక కాని రోజులు కూడా చూశాం. బర్డ్ ఫ్లూ వల్ల కోట్ల కోళ్ళు పోయి, 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లకి చేరింది. ఒక్కో గుడ్డు అర డాలరు పైమాటే. అలాంటప్పుడు పెంకుతో పాటు సగం గుడ్డు చెత్తబుట్టలో పడితే మనసుకి కష్టంగా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం – రెండు గంటల నియమం

పెంకు బాగా వచ్చిందన్న సంతోషంలో ఇది మరిచిపోకూడదు. ఉడికిన గుడ్డు పచ్చి గుడ్డు కంటే త్వరగా పాడవుతుంది. పచ్చి గుడ్డుకి ఉన్న సహజ రక్షణ ఉడకటంతో పోతుంది. ఇక్కడి ఆహార భద్రతా నియమం ప్రకారం ఉడికిన గుడ్లు బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఒక్క గంటే. ఫ్రిజ్‌లో అయితే, ఒలిచినా ఒలవకపోయినా, వారం లోపల తినెయ్యాలి.

ఒక జులైలో మా పిక్నిక్‌కి ఒలిచిన గుడ్లు ఒక వాలంటీరు కారు డిక్కీలో మధ్యాహ్నం దాకా ఉండిపోయాయి. ట్రాఫిక్‌లో ఆలస్యం, తర్వాత పార్కింగ్ వెతుకులాట, తర్వాత ఆటల పోటీలు. చూడటానికి గుడ్లు తెల్లగా, నున్నగా, ముత్యాల్లా ఉన్నాయి. వాసన కూడా ఏమీ లేదు. "వేయించేస్తే అన్నీ పోతాయి" అన్నారు కొందరు. అయితే కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషాలు వేయించినా పోవు. ఆ రోజు పిక్నిక్‌లో పసిపిల్లలున్నారు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళున్నారు, ఇద్దరు గర్భిణులున్నారు. తొంభై గుడ్లు పారబొయ్యటానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి పారబోశాం. ఆ రోజు వేపుడు లేదని సణిగినవాళ్ళు ఉన్నారు కానీ, మర్నాడు ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు లేరు.

అప్పటినుంచి మా పద్ధతి ఇది. ముందురోజు ఉడికించి, చల్లార్చి, పెంకుతోనే ఫ్రిజ్‌లో పెట్టటం. ఉదయం ఒలిచి, ఐసు పెట్టెలో ఐసు మధ్య పెట్టి తీసుకెళ్ళటం. వేపుడు అక్కడే, వడ్డించేముందే. ఇంట్లో వేయించి తెచ్చేవారికైతే ఒకటే సూత్రం: వేడి పదార్థం 140 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన, చల్లటిది 40 లోపల ఉండాలి. ఈ మధ్యలో ఉన్నదంతా సూక్ష్మజీవుల విందే. ఇరవై డాలర్ల లోపే దొరికే వంటింటి థర్మామీటరు ప్రతి సంఘం సామానులోనూ ఉండవలసిన వస్తువు.

కూరలోకి వెళ్ళేముందు

మన వంటల్లో గుడ్డు చెక్కుచెదరకుండా ఉండటం అందం కోసం మాత్రమే కాదు. పులుసులో వేసే గుడ్డుకి నిలువుగా మూడు నాలుగు గాట్లు పెడితే చింతపండు, ఉల్లి, కారం లోపలికి దిగుతాయి. అప్పటికే చిరిగిపోయి ఉన్న గుడ్డుకి గాట్లు పెడితే విడిపోయి పచ్చసొన పులుసంతా కలిసిపోతుంది. వేపుడుకి నూనెలో పసుపు, కారం, ఉప్పు వేసి గుడ్లు దొర్లించేటప్పుడు గుంటలు పడ్డ గుడ్డు మూకుడుకి అంటుకుంటుంది, చిటపటమని నూనె చిమ్ముతుంది. నున్నటి గుడ్డు కూడా వేగేటప్పుడు పేలకుండా గాట్లు గానీ, ఫోర్కుతో రెండు పోట్లు గానీ తప్పనిసరి. ఒలిచిన గుడ్ల తడి తుడిచి వెయ్యటం ఇంకా మంచిది.

ఇక మీ ఇంట్లో ఇడ్లీ పాత్ర వారాంతంలో మాత్రమే దిగుతుంటే, ఈసారి మామూలు రోజుల్లో కూడా అటకమీంచి దించండి. నీళ్ళు తెర్లాక గుడ్లు పెట్టటం, 12 నిమిషాలు, ఐసు నీళ్ళు. ఈ మూడూ గుర్తుంటే చాలు. ఒలిచినవి రెండు గంటల్లో తినండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి.